అసలు హీరో అంజి!

'అమృతం' ఎవరు?
నలుగురు తెలుగువాళ్లు కూర్చున్నచోట ఈ ప్రశ్న వేసి చూడండి. శివాజీరాజా అంటారొకరు. నరేశ్ అంటారింకొకరు. కాదు కాదు, హర్షవర్ధనే అని మూడోవాళ్లు పట్టుబడతారు. ముగ్గురి మాటా నిజమే. ముగ్గురూ ఆ పాత్ర వేసినవాళ్లే.
అదే... అంజి ఎవరని అడగండి. నలుగురి నోటా ఒకటే పేరు... గుండు హనుమంతరావు!
ఒంగోలులో మందుల దుకాణం నడిపే ఓ వీరాభిమాని వాదనంతా ఈ ఒక్క పాయింటు మీదే. సీరియల్ పేరు 'అమృతం' అయితే కావచ్చుగానీ హీరో మాత్రం ముమ్మాటికీ అంజే అంటారాయన. వయసు యాభై దాటింది. దుకాణంలో రద్దీ తగ్గితే చాలు, ఫోన్లో పాత ఎపిసోడ్ ఒకటి పెట్టుకుంటారు. మాత్రల కోసం వచ్చినవాళ్లు కూడా కాసేపు నిలబడి చూసి మరీ వెళ్తుంటారు.

జెమిని టీవీలో 2001 నవంబరులో మొదలై 2007 నవంబరు దాకా నడిచింది 'అమృతం'. ఆరేళ్లు... 313 ఎపిసోడ్లు. గుణ్ణం గంగరాజు నిర్మాత. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి అన్నం కంచాలతో సహా ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరిన రోజులవి. కథ చెప్పాలంటే రెండు ముక్కలే. అమృతరావు, ఆంజనేయులు ప్రాణస్నేహితులు. ఇద్దరూ కలిసి 'అమృత విలాస్' అనే హోటల్ నడుపుతుంటారు. అమృతానికి ఓ ఐడియా వస్తుంది. ఇద్దరూ అందులో దూకుతారు, మునుగుతారు. వచ్చే ఆదివారానికి మళ్లీ మొదలు!

మరి అందులో అంజి గొప్పేంటి?
మన అభిమాని దగ్గర మూడు సాక్ష్యాలున్నాయి. అమృతం ముఖం మారినా సీరియల్ ఆగలేదు, జనం చూడటం మానలేదు. అంజి మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒక్కరే... అది మొదటిది. రెండోది టైటిల్ పాట. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాయగా కల్యాణి మాలిక్ బాణీ కట్టిన ఆ పాటలో పిలుపు ఎవరికి? ఆంజనేయులుకే! కష్టాలకు కుంగిపోవద్దంటూ ధైర్యం చెప్పేదీ అతనికే. మూడోది మరీ ముఖ్యం. ఐడియా అమృతానిదే కావచ్చు, నవ్వు మాత్రం అంజి దగ్గరే పుడుతుంది. అమృతానికి తన ఐడియా మీద అపారమైన నమ్మకం. అంజికి ఆ నమ్మకం ఉండదు. పడవ మునుగుతుందని అతనికి ముందే అనుమానం. అయినా ఎక్కుతాడు... ఎందుకంటే ఎక్కమన్నది స్నేహితుడు. భయం, మొహమాటం, అభిమానం ఒకే ముఖంలో చూపించడం అంత తేలికా? జంధ్యాల సినిమాలతో నవ్వించిన హనుమంతరావుకు బుల్లితెర మీద దొరికిన అసలైన పాత్ర ఇదేనన్నది ఆయన తీర్పు.

అంజి తర్వాత ఆయన ఓటు అప్పాజీకి. శివన్నారాయణ పోషించిన ఆ ఇంటి ఓనరు పాత్రను జనం విలన్‌లా చూడటం అన్యాయమట. అద్దె అడగటం కూడా తప్పేనా అంటారు. తానూ ఓ పోర్షన్ అద్దెకివ్వడం మొదలుపెట్టాకే ఈ జ్ఞానోదయం అయిందని ఇంట్లోవాళ్ల మాట! సర్వం సంగతి సరేసరి. వాసు ఇంటూరి వేసిన ఆ సర్వరు లాంటి కుర్రాడు ప్రతి ఊళ్లో, ప్రతి హోటల్లో ఒకడుంటాడని ఆయన అభిప్రాయం.

అన్నీ మెచ్చుకోళ్లే అనుకుంటే పొరపాటు. సంజీవని, శాంతల విషయంలో ఆయనకు ఓ అసంతృప్తి ఉంది. మొగుళ్లకంటే ఆ ఇద్దరికే తెలివి ఎక్కువని చూసేవాళ్లందరికీ తెలుసు. అలాంటప్పుడు హోటల్ వాళ్లకే అప్పజెప్పి చూడొచ్చుగా? 'అప్పుడు లాభాలొచ్చేవి, సీరియల్ మూతపడేది' అని ఆయన భార్య జవాబు.

ఆవిడ పార్టీ వేరు. మంజులానాయుడు సీరియళ్లంటే ప్రాణం. దూరదర్శన్ 'ఋతురాగాలు' మొదలుకుని 'చక్రవాకం', 'మొగలిరేకులు' దాకా ఒక్కటీ వదల్లేదు. ఆర్‌.కె.నాయుడుగా సాగర్ పోలీసు డ్రెస్సులో నడిచొస్తుంటే కుక్కరు మూడు కూతలు కూసినా లేచేవారు కాదట. మనిషన్నవాడికి నిన్నటి దెబ్బ ఇవాళ గుర్తుండాలి, కన్నీళ్లకు ఓ లెక్క ఉండాలి అంటారావిడ. 'వారం తిరిగేసరికి అన్నీ మర్చిపోయి మళ్లీ గోతిలో పడేవాళ్లదీ ఒక కథేనా' అని ఎద్దేవా చేస్తారు.
అలా మర్చిపోవడమే గొప్పంటారు ఈయన. దాని వెనక ఓ సొంత కథ ఉంది.

2003లో ఆయనా, చిన్ననాటి స్నేహితుడూ కలిసి బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ పెట్టారు. పదకొండు నెలలు నడిచింది. పొద్దున కలిపిన పిండిలో సగం రాత్రికి మిగిలిపోయేది. లెక్కల దగ్గర మాటా మాటా పెరిగింది. షట్టర్ దించాక ఇద్దరికీ రెండేళ్లు మాటల్లేవు. ఆ రోజుల్లోనూ ఆదివారం రాత్రి 'అమృతం' చూసి నవ్వుకునేవారు. చూడగా చూడగా ఓ సంగతి తట్టింది. వాళ్లిద్దరూ తిట్టుకుంటారు, అలుగుతారు, నష్టపోతారు. అయినా వచ్చే ఆదివారానికి అదే హోటల్లో పక్కపక్కనే ఉంటారు! ఇంకో సంగతి మరీ గుచ్చుకుంది. తమ హోటల్లో అమృతం తనే. ఐడియా తనది, నష్టం ఇద్దరిదీ. వద్దువద్దంటూనే భార్య గాజులు తాకట్టు పెట్టి మరీ వెంట వచ్చినవాడు అవతలివాడు... అంటే అంజి.
మర్నాడే స్నేహితుడి ఇంటికెళ్లారు. అతను ముందు కాఫీ ఇచ్చాడు. తర్వాత గ్రైండర్ బాకీ సంగతేంటని అడిగాడు! ఆ గాజులు విడిపించడానికి ఇద్దరికీ మరో ఏడాది పట్టింది. హోటల్ మళ్లీ తెరవలేదుగానీ స్నేహం తెరుచుకుంది.

'అన్నిసార్లు ఓడిపోయినవాళ్లను చూసి మనం జాలిపడలేదు. ఎందుకో తెలుసా? పక్కన ఒకడున్నాడు కాబట్టి' అంటారాయన. ఇల్లు గడవడానికి రకరకాల వ్యాపారాలు మొదలెట్టి చేతులు కాల్చుకున్న మధ్యతరగతి ఇళ్లలో ఆ సీరియల్ అంతగా నాటుకుపోవడానికి ఇదీ ఓ కారణమేనేమో!

2018 ఫిబ్రవరిలో గుండు హనుమంతరావు కన్నుమూశారు. ఆ రోజు దుకాణంలో ఆయన ఎపిసోడ్లేవీ పెట్టలేదు. 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చింది. హర్షవర్ధన్, శివన్నారాయణ, వాసు ఇంటూరి మళ్లీ కనిపించారు. అంజిగా వచ్చింది ఎల్బీ శ్రీరామ్. ఎంత మంచి నటుడు! అయినా మన అభిమాని రెండు ఎపిసోడ్లు చూసి ఆపేశారు.
భార్య ఊరుకుంటారా? 'ముగ్గురు అమృతాలను ఒప్పుకున్న మనిషి రెండో అంజిని ఒప్పుకోడా' అని నిలదీశారు.
ఆయన తాపీగా కళ్లజోడు తుడుచుకుని అన్నారట...
'మొదట్నుంచీ నేను చెబుతున్నదీ అదేగా!'