నిద్ర వేఱు, నొప్పి తీరుట వేఱు

శస్త్రచికిత్స పొందిన రోగిని చూడవచ్చిన బంధువులు మొదట అడుగు ప్రశ్న, "నిద్రపోవుచున్నాడా?" అని. అవునని వినగనే అందఱును ఊరట చెందుదురు. ఆ ఊరట అన్నివేళల సమంజసము కాదని నా అభిప్రాయము.

మెదడునందు ఒక నాడీకణము మఱియొక దానిని ప్రేరేపించుట ఎంత అవసరమో, అణచియుంచుటయు అంత అవసరము. బండికి ఎద్దులెంతో పగ్గములును అంతే గదా! ఈ అణచు పనిని మెదడులో ప్రధానముగా నిర్వహించునది 'గాబా' అను చిన్న రసాయనము. అది మెదడులో కలదని 1950లో యూజీన్ రాబర్ట్స్ మొదలగువారు వెల్లడించిరి. గాబా తగులగనే కణపు పైపొరలోని సన్నని ద్వారము తెఱచుకొని క్లోరైడు లోనికి ప్రవేశించును. కొంతతడవు ఆ కణము సంకేతము పంపజాలదు. 1963లో వాడుకలోనికి వచ్చిన డయాజిపామ్, నేడు మత్తు కొఱకు నరములోనికి ఎక్కించు ప్రొపొఫాల్, ఈ రెండును గాబాకు బలము చేకూర్చునవే. మెలకువను నిలుపు కణములు అణగును, కన్ను మూతపడును.

నొప్పి దారి వేఱు. అది వెన్నుపాము మీదుగా మెదడునకు పోవును. వెన్నుపాములో నొప్పిని కొంత అడ్డగించు గేటువంటి ఏర్పాటు కలదని 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. దెబ్బ తగిలినచోట మనము అప్రయత్నముగా రుద్దుకొనుట ఇందుకే. వారి సిద్ధాంతపు వివరములు పిమ్మట మాఱినను మూలభావన నిలిచినది.

మార్ఫీను పని మఱియు వింత. నడిమి మెదడునుండి నొప్పిని అణచు ఆజ్ఞలు వెన్నుపామునకు దిగివచ్చును. సామాన్యముగా ఆ ఆజ్ఞలిచ్చు కణములను గాబా కణములు పట్టి యుంచును. మార్ఫీను ఆ పట్టును సడలించును. కావున ఒకచోట గాబా బలపడిన నిద్ర వచ్చును, వేఱొకచోట సడలిన నొప్పి తగ్గును. ఇందువలననే మత్తువైద్యుడు ప్రొపొఫాల్‌తోపాటు నొప్పిమందును విడిగా ఇచ్చును. కండరములు బిగిసినప్పుడు డయాజిపామ్ కొంత మేలుచేయవచ్చును గాని, అది నొప్పిమందు కాదు. పొరుగింటివారి నిద్రమాత్రను నొప్పికని మ్రింగించుట వ్యర్థము. మార్ఫీను జాతి మందుతో కలిసినచో శ్వాస మందగించి ప్రాణాపాయమును కలుగవచ్చును. ఈ కలయికను గూర్చి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో తీవ్రమైన హెచ్చరిక చేసినది.

మనబోటి తెలుగు కుటుంబములకు ఇందు మఱియొక చిక్కు కలదు. వైద్యుని భాష ఒకటి, అవ్వ భాష ఒకటి. మగతలోనున్న అవ్వ పరభాషలో ఏమి చెప్పగలదు? ఆమెకు సలుపు వేఱు, పోటు వేఱు, మంట వేఱు, తీపు వేఱు. వీనినన్నిటిని 'నొప్పి' అను ఒక్క మాటగా మార్చి వైద్యునికి అందించుట మన పిల్లలకు అలవాటు. నరము దెబ్బతిన్నప్పటి బాధను రోగులు తఱచుగా మంటయనియు, కరెంటు కొట్టినట్లున్నదనియు చెప్పుదురు. దానికిచ్చు మందులు సామాన్యపు నొప్పిమందులకంటె భిన్నమైనవి. రెండు భాషలు నేర్చిన బాలబాలికలారా, అవ్వ మాటను అవ్వ చెప్పినట్లే వినిపింపుడు. ఆమె పలుకజాలనపుడు, ప్రక్క మార్చునప్పుడు ముఖము ముడుచుకొనెననియు, కాలిపై చేయి వేయనీయలేదనియు, వైద్యుడు అడుగకున్నను చెప్పుడు.