ఒంటి సంగతి బడిలో చెబితే చెడేది ఎవరి సంస్కృతి?

పిల్లలకు ఒంటి గురించి, ఆడామగా తేడాల గురించి, ఆ రెండింట్లో ఇమడని బిడ్డల గురించి బడిలో చెప్పాలని ఎవరైనా అంటే చాలు, సంస్కృతి మంటగలిసిందని గోల మొదలవుతుంది. ఎవరి సంస్కృతి? మన ఆడపిల్లల్ని జోగిని అని, మాతమ్మ అని ఊరుమ్మడి ఆస్తి చేసినప్పుడు ఈ సంస్కృతి ఎక్కడ పడుకుంది? ఆ దురాచారాన్ని ఆపడానికి మన రాష్ట్రంలో 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. మన బిడ్డ ఒంటిమీద పెత్తనం చేసేటప్పుడు లేని సిగ్గు, ఆ బిడ్డకు తన ఒంటి సంగతి చెప్పేటప్పుడు మాత్రం పుట్టుకొస్తుంది!

2005లో కేంద్రం కౌమార విద్య కార్యక్రమం తెచ్చింది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ లాంటి రాష్ట్రాలు మాకొద్దు పొమ్మన్నాయి. 2009లో మన తెలుగువాడు వెంకయ్యనాయుడు అధ్యక్షుడుగా ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ, బళ్ళల్లో లైంగిక విద్యే వద్దని నివేదిక ఇచ్చింది. మరి 2007లోనే కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పిల్లల్ని అడిగి అచ్చేసిన లెక్క ఏమంది? నూటికి 53 మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు పడ్డామన్నారు. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంత లెక్క చేతిలో పెట్టుకుని పంతుళ్ళని నోరు మూసుకోమన్నారు.

2012లో పోక్సో చట్టం వచ్చింది. 18 ఏళ్ళలోపు బిడ్డ మీద అఘాయిత్యం జరిగిందని తెలిసీ చెప్పకపోతే, అదీ నేరమే. ఈ చట్టం గురించి పిల్లలకూ తల్లిదండ్రులకూ ప్రచారం చేసే బాధ్యత ప్రభుత్వాలదని 43వ సెక్షన్ చెబుతోంది. కానీ తన ఒంట్లో ఏ భాగాన్ని ఏమంటారో కూడా ఎవరూ చెప్పని బిడ్డ, పోలీసు స్టేషన్లో ఏమని చెబుతుంది?

ఇక హిజ్రా, ట్రాన్స్ బిడ్డల సంగతి. ఆడబట్ట కట్టి వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకుపొమ్మనే చట్టం నిజాం రాజ్యంలో 1919లో పుట్టింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో! వీళ్ళని వెనకబడిన తరగతులుగా చూడాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. గుర్తింపు ఉన్న ప్రతి బడీ వీళ్ళకు వివక్ష లేకుండా చదువు చెప్పాలని 2019 చట్టం 13వ సెక్షన్లో రాశారు. ఎట్లా చెప్పాలో పంతుళ్ళకు నేర్పే పుస్తకం 2021లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చింది. బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పగానే కొద్దిరోజుల్లోనే దాన్ని తీసేశారు. అడ్డుపడింది బాలల హక్కుల కమిషనే, చూడండి! బ్రిటన్‌లో కూడా 1988లో సెక్షన్ 28 పేరుతో ఇలాంటి నోరుకట్టు పెట్టారు. 2003 నాటికి పూర్తిగా ఎత్తేశారు. అమెరికాలో ఫ్లోరిడా 2022లో మళ్ళీ మొదలుపెట్టింది.

మనవాళ్ళలోనే కొందరు అంటారు: "మాస్టారూ, ఇది పట్నపోళ్ళ గోల. మనకు భూమి, ఉద్యోగం ముఖ్యం." భూమి ముఖ్యమే, కాదనను. కానీ పుట్టుకను చూసి మనిషికి ముద్రేసి, ఆ ముద్ర దాటితే తన్నడం మనకు తెలియని సంగతా? 1934లో బొంబాయిలో ఆర్.డి. కర్వే తన పత్రికలో పాఠకుల లైంగిక సందేహాలకు జవాబులు రాస్తే అశ్లీలమని కేసు పెట్టారు. ఆయన తరఫున నిలబడిన ప్లీడరు బాబాసాహెబ్ అంబేద్కర్. లైంగిక విషయం రాసినంత మాత్రాన అశ్లీలం కాదని వాదించారు. కేసు ఓడిపోయింది. అయినా వాదన నిలిచింది. బాబాసాహెబ్‌కి లేని సిగ్గు మనకెందుకు?

పసిపిల్లలకు పెద్దల సంగతులు చెప్పమని ఎవరూ అనడం లేదు. చిన్న తరగతిలో మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ. ఆరు, ఏడు తరగతుల్లో ముట్టు, ఒంటి మార్పులు. పై తరగతుల్లో పెళ్ళి వయసు, సమ్మతి, తేడాగా ఉన్న తోటి బిడ్డని గౌరవించడం. తల్లుల్ని కూర్చోబెట్టి వాళ్ళకు చెప్పే మొదలుపెట్టాలి. డబ్బున్నోడి బిడ్డకు ఫోనుంది, డాక్టరుంది. మన హాస్టల్ బిడ్డకు ఉన్నది బడి ఒక్కటే.

కాబట్టి సంఘాల కార్యకర్తలు ఈ నెలలోనే మీ ఊరి బడి కమిటీ మీటింగులో నిలదీయండి. ఆడపిల్లలకు నీళ్ళున్న మరుగుదొడ్డి ఉందా? హాస్టల్లో బిడ్డ గోడు వినే టీచరమ్మ ఉందా? 1098 నంబరు గోడమీద రాశారా? పంతుళ్ళకు ఈ పాఠం చెప్పే శిక్షణ ఇచ్చారా? జవాబు రాతమూలకంగా అడగండి. ఇవ్వకపోతే మండల ఆఫీసు ముందు కూర్చుందాం.

జై భీమ్!