తోడుకి పెరుగు లేనప్పుడు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నిజాంపేటలో అద్దెకు దిగిన మొదటి వారం. రాత్రి పాలు కాచాను, తోడు వేద్దామంటే ఇంట్లో చెంచాడు పెరుగు లేదు. కొట్లు మూసేశారు. అమ్మకి ఫోన్ చేస్తే "నాలుగు ఎండుమిరపకాయల తొడిమలు గోరువెచ్చటి పాలల్లో వెయ్యవే" అంది. పొద్దున్నకి తోడుకుంది గానీ దాన్ని పెరుగనడానికి నోరు రాలేదు. నీళ్లు విడిచి, తీగలు సాగుతోంది. "అది తినకు, దాంతో మళ్లీ తోడెయ్యి" అంది అమ్మ. మూడో రోజుకి గడ్డపెరుగు.

నాది బిల్డ్ టీమ్‌లో పని. ప్రోగ్రామర్లు రాసిన సోర్స్‌ని నడిచే సాఫ్ట్‌వేర్‌గా మార్చి ఇవ్వడం. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అనే సామెత మా టీమ్ గోడకి అంటించుకోదగ్గది. జీసీసీ అనే కంపైలర్‌ని తయారు చేయాలంటే ముందు ఒక కంపైలర్ ఉండాలి. అందుకే దాన్ని మూడు విడతల్లో బిల్డ్ చేస్తారు. చేతిలో ఉన్న ఏదో కంపైలర్‌తో మొదటిది, మొదటిదానితో రెండోది, రెండోదానితో మూడోది. చివరి రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తేనే పని అయినట్టు. అమ్మ చెప్పిన మూడు రోజుల లెక్కే.

జీసీసీ లాంటి ఒక్క ప్యాకేజీ అయితే ఇలా గట్టెక్కవచ్చు. డెబియన్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో, 2025లో వచ్చిన 13వ వెర్షన్ లెక్క చూస్తే, దాదాపు 70 వేల ప్యాకేజీలున్నాయి. ఆఫీసుల్లో లాగిన్ వివరాలు దాచే ఓపెన్ఎల్‌డాప్‌ని బిల్డ్ చేయాలంటే సైరస్ శాసిల్ లైబ్రరీ కావాలి. ఆ శాసిల్‌ని బిల్డ్ చేయాలంటే ఓపెన్ఎల్‌డాప్ లైబ్రరీ కావాలి. ఇది రెండింటి గొడవ. ఇలాంటివి ఒకదానికొకటి తగులుకుని వందలాది ప్యాకేజీలు ఒకే ముడిగా బిగుసుకుంటాయి. పాత ప్రాసెసర్ మీద ఈ ముడి బాధించదు, నిన్నటి పెరుగు ఫ్రిజ్‌లో ఉంటుంది కనుక. కొత్త రకం ప్రాసెసర్ వచ్చిన రోజున ఫ్రిజ్ ఖాళీ. అప్పుడు అనుభవజ్ఞులు కూర్చుని ఒక్కో ప్యాకేజీనీ చేత్తో కత్తిరించి, అతికించి, నెలల తరబడి తంటాలు పడేవారు. ఆ చేసింది ఎక్కడా మిగిలేది కాదు. తర్వాతి ప్రాసెసర్‌కి మళ్లీ మొదటికే.

2012 వేసవిలో, విద్యార్థులకి డబ్బిచ్చి ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద ఒక విద్యార్థి ఈ ముడి విప్పే పని తలకెత్తుకున్నాడు. ప్యాకేజీలన్నిటి అవసరాలూ చదివి బొమ్మగా గీయడం, అందులో తిరిగి మొదటికే వచ్చే చక్రాలు పట్టుకోవడం, ఎక్కడ తెంపితే ఎక్కువ చక్రాలు తెగుతాయో చూపించడం, ఆపైన ఏది ముందు ఏది వెనక అనే వరస ఇవ్వడం. ఇదీ ప్రణాళిక. అందులోంచి పుట్టిన పరికరాల పేరు 'బాచ్'. ఇంగ్లీషులో పని చెడగొట్టడమని కూడా ఆ మాటకి అర్థం. కుర్రాడికి హాస్యం ఉంది.

నాకు నచ్చింది ఇందులోని గణితం కాదు, మనిషికి వదిలిన పని. అతి తక్కువ కోతలతో అన్ని చక్రాలూ తెంపడం ఎంత కష్టమో 1972లోనే రిచర్డ్ కార్ప్ తేల్చేశాడు. కంప్యూటర్ ఎంత పెద్దదైనా అక్కడ అడ్డదారి ఎవరికీ దొరకలేదు. అందుకని ఆ పరికరం ఇక్కడ తెంపితే లాభమని సూచిస్తుంది, తెంపవచ్చో లేదో ఆ ప్యాకేజీని సాకుతున్న మనిషి, అంటే మెయింటైనర్ చెప్పాలి. అతనికి తెలుసు, ఫలానా లైబ్రరీ యూజర్ మాన్యువల్ తయారీకి మాత్రమే కావాలని, ఫలానాది పరీక్షలకే కావాలని. మొదటి రోజు పెరుగుకి మాన్యువల్ ఎందుకు? ఆ సంగతి ప్యాకేజీ కంట్రోల్ ఫైల్లో, అవసరాల జాబితాలోనే, కోణపు బ్రాకెట్ల మధ్య ఒక్క మాటలో రాసిపెట్టవచ్చు: నోడాక్, నోచెక్, స్టేజ్1. ఈ పద్ధతి గురించిన చర్చ ఆ విద్యార్థి మొదలుపెట్టేనాటికే డెబియన్‌లో ఉంది. 2015లో డెబియన్ 8 విడుదలయ్యేనాటికి ఆ రాత చెల్లుబాటైంది. ఒకసారి రాస్తే తర్వాత వచ్చే ప్రతి ప్రాసెసర్‌కీ పనికొస్తుంది.

ఇప్పుడు మా సంగతి. నా బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టు లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. నలుగురం తలా రెండు వేలు వేసుకుని అమీర్‌పేటలో కొన్నాం. సీడీ, డాక్యుమెంటేషన్, బంగారు అక్షరాల బైండింగ్‌తో సహా. వైవాలో మాస్టారు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "ఫ్రంట్ ఎండ్ ఏంటమ్మా?" పోయినేడాది ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయి రెజ్యూమెలో అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్, పక్కన ఏఐ అని తగిలించి ఉంది. ఆ పిల్లని ఏమనను? నేను కొన్నదాన్నే.

ఆ విద్యార్థి గూగుల్ డబ్బిచ్చింది కాబట్టి చేశాడు, మా పిల్లలకెవరిస్తారని ఒక లెక్చరర్ మిత్రుడు వాదించాడు. కాదనను. కానీ మేం నలుగురం పోసిన ఎనిమిది వేలూ డబ్బే కదండీ. పైగా ఈ ముడి విప్పడం పరాయి పని కాదు. ఐఐటీ మద్రాసులో తయారైన శక్తి ప్రాసెసర్ రిస్క్-ఫైవ్ అనే పద్ధతిది. 64 బిట్ల రిస్క్-ఫైవ్‌కి డెబియన్ పూర్తి స్థాయిలో విడుదలైంది 2025 ఆగస్టులోనే, ఆ 13వ వెర్షన్‌తోనే. తొలి తోడు ఎవరో వేశారు. రేపు ఇంకో రకం వస్తుంది.

ప్రాజెక్టు గైడ్లకి నా విన్నపం ఒక్కటే. ఈసారి బ్యాచ్‌కొక టైటిల్ కాకుండా బ్యాచ్‌కొక ప్యాకేజీ ఇచ్చి చూడండి. అది ఏయే వాటి మీద ఆధారపడుతోంది, వాటిలో ఏది లేకపోయినా మొదటిసారి బిల్డ్ అవుతుంది, తీసేసి బిల్డ్ చేస్తే నిజంగా అయిందా? అయితే ప్యాచ్ పంపమనండి. మెయింటైనర్ ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో వైవాలో అడగండి. కంట్రోల్ ఫైళ్లు ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచే ఉన్నాయి. చూడ్డానికి లాగిన్ కూడా అక్కర్లేదు.