ఎండల్లో గాజుతొట్టె సముద్రం: రెండు డిగ్రీలు పెరిగితే ప్రాణాల మీదికే

బంగారుపాళ్యం: మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరితే గాలి చల్లబడుతుంది. ఘాట్‌కు దిగువన ఉన్న బంగారుపాళ్యానికి ఆ భాగ్యం లేదు. మామిడి కోతల కాలంలో పొద్దు వాలినా మిద్దె ఇళ్లు సెగలు కక్కుతూనే ఉంటాయి. అటువంటి ఇంట్లో సముద్రపు చేపలు, పగడపు జీవులు ఉన్న అక్వేరియాన్ని బతికించుకోవడం సామాన్యమైన పని కాదు. అలంకార చేపల వ్యాపారానికి పేరుపొందిన చెన్నైలోని కొళత్తూరు రహదారి మీద కొన్ని గంటల ప్రయాణమే కనుక తొట్టెను సమకూర్చుకోవడం కష్టం కాదు. దాన్ని మే నెల దాటించడంలోనే అసలు పరీక్ష ఉంది.

పగడపు తొట్టెలో నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండటం శ్రేయస్కరం. పగడపు జీవి శరీరంలో కంటికి కనిపించని నాచు నివసిస్తుంది. పగడానికి రంగునూ, ఆహారంలో అధిక భాగాన్నీ ఇచ్చేది ఆ నాచే. వేడి మితిమీరితే పగడం దాన్ని బయటకు వెళ్లగొట్టి తెల్లగా పాలిపోతుంది, ఆపై ఆకలితో నశిస్తుంది. మన్నారు సింధుశాఖలో 2010లోనూ, 2016లోనూ జరిగినది ఇదే. 2023లో మొదలైన వేడిమి ఉపద్రవం ప్రపంచవ్యాప్తమైనదని అమెరికా సముద్ర పరిశోధన సంస్థ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. వేసవి గరిష్ఠాన్ని మించి ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా సముద్రంలోని పగడాలు తట్టుకోలేవు. అపారమైన సముద్రమే అలా వేడెక్కినప్పుడు 200 లీటర్ల తొట్టె సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ ఒక్క మధ్యాహ్నం చాలు.

చేపల కష్టం మరొకటి. 25 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉంటే, 30 డిగ్రీల వద్ద అది 6.2కు పడిపోతుంది. వేడికి చేప శరీరానికి ప్రాణవాయువు అవసరం పెరిగే వేళకే నీటిలో దాని నిల్వ తగ్గుతుందన్నమాట. చేపలు నీటి పైభాగానికి చేరి నోరు తెరుస్తున్నాయంటే ఆలస్యం అప్పటికే జరిగిపోయిందని గ్రహించాలి.

చిల్లరు యంత్రం పెడితే సమస్య తీరుతుందని చాలామంది భావిస్తారు. నీటిని చల్లబరచడంలో దానికి సాటి లేదు. అయితే తొట్టె నుంచి లాగిన వేడిని అది గదిలోకే వదులుతుంది. కిటికీలు మూసిన చిన్న గదిలో ఉంచితే తన వేడితో తానే పోరాడుతుంది. 200 వాట్ల యంత్రం రోజుకు 12 గంటలు నడిచినా 2.4 యూనిట్లు ఖర్చవుతాయి. అన్నిటినీ మించి, కరెంటు పోయిన క్షణంలో అది ఉన్నా లేనట్లే.

ఈ ప్రాంతపు ఎండకు తగిన ఉపాయం మన మట్టికుండలోనే ఉంది. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. 200 లీటర్ల నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి తీయవలసిన వేడి సుమారు 840 కిలోజౌళ్లు. అంటే ఒక్క లీటరు ఆవిరైతే తొట్టె మూడు డిగ్రీలకు దగ్గరగా చల్లబడాలి. గదిలోని వేడి తిరిగి చేరుతూనే ఉంటుంది కనుక నికరంగా దక్కేది అంతకంటే తక్కువే. అయినప్పటికీ మూత తీసి, వల పరచి, నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను గాలి వీచేలా అమర్చితే మే నెల పొడిగాలిలో రెండు మూడు డిగ్రీలు తగ్గించవచ్చు. వల లేకపోతే చేప నేల మీద కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న 200 లీటర్ల తొట్టెలో పది లీటర్లు తగ్గితే సాంద్రత దాదాపు 37 గ్రాములకు చేరుతుంది. తగ్గిన నీటిని ఏ రోజుకారోజు మంచినీటితోనే భర్తీ చేయాలి, ఉప్పునీటితో కాదు. బోరు నీరు అసలే వద్దు. అందులోని సున్నం, ఇతర లవణాలు రోజురోజుకూ పేరుకుపోతాయి. శుద్ధి చేసిన క్యాను నీరే మేలు.

ఐసుగడ్డలు వేయడం కూడా పరిపాటి. నేరుగా వేస్తే ఉప్పు సాంద్రత దెబ్బతింటుంది. మూత బిగించిన సీసాలో గడ్డకట్టించి దించవచ్చు గానీ, లీటరు సీసా పూర్తిగా కరిగినా 200 లీటర్ల తొట్టె తగ్గేది అర డిగ్రీయే. అంతకంటే మధ్యాహ్నం దీపాలు ఆర్పి, రాత్రివేళ వెలిగించడం వల్ల కలిగే మేలు ఎక్కువ.

మరో చిక్కు చట్టానిది. రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రం నుంచి వాటిని సేకరించినా, అమ్మినా కనీసం మూడేళ్ల జైలు శిక్ష పడవచ్చు. విదేశీ పగడాలకు సైతం అనుమతి పత్రాలు అవసరం. పత్రం చూపని దుకాణంలో పగడం కొనేవారు ఎండకే కాదు, అటవీ శాఖకూ భయపడవలసిందే. ఇన్వర్టరు గానీ, నమ్మకమైన విద్యుత్తు గానీ లేని ఇళ్లలో పగడాల జోలికి వెళ్లకపోవడమే వివేకం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ హేచరీల్లో పిల్లలను పెంచే పద్ధతిని రూపొందించిన క్లౌన్ చేపల వంటివి, పగడాలు లేకుండా పెంచుకోదగినవి, ఆ సరదా తీర్చగలవు.

మే నెల సాయంత్రాల్లో ఈదురుగాలి లేస్తే తోటల్లో మామిడికాయలు రాలతాయి, వెనువెంటనే కరెంటు పోతుంది. అప్పుడు తొట్టెకు ముందుగా కావలసినది చల్లదనం కాదు, గాలి బుడగలు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపును ఏప్రిల్‌లోనే కొని, ఒకసారి నడిపి చూసి, తొట్టె పక్కనే ఉంచుకోవాలి. మేత ఆపివేయాలి. జూన్ తరువాత గాలిలో తేమ పెరిగిన రోజుల్లో ఫ్యాను ప్రభావం సగానికి సగం పడిపోయినా ఆశ్చర్యం లేదు. ఆ రోజుల్లో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా థర్మామీటరు చూడటం తప్పదు.