కాపలా నిమిషాలకేనా?

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసినది. 5 గంటల పని మీదట అరగంట విశ్రాంతి ఇవ్వవలెనన్నది. అలసిన కన్ను బండిని అదుపులో ఉంచలేదని ఆనాటి శాసనకర్తలు గ్రహించిరి.

నేడు మోటారు సైకిలుపై ఇంటింటికీ భోజనం చేరవేసే యువకుడు ‘భాగస్వామి’ అనిపించుకొంటున్నాడు. చేతిలోని ఫోనే అతని మేస్త్రీ. అతడు ఎక్కడ ఆగినదీ, ఎంత ఆలస్యమైనదీ దానికి తెలియును. రాత్రి నిద్రపోయెనా, బ్రేకులు అరిగినవా అని అడుగువారు అరుదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఇట్టి కార్మికులను గుర్తించినదే గాని, వారి పనివేళలకు హద్దు గీయలేదు.

నిమిషాలు లెక్కించే యంత్రం గంటలనూ లెక్కించగలదు. 8 గంటలు నిండగానే కొత్త పని ఇవ్వక ఆగగలదు. ఆ ఆజ్ఞ దానికి యజమాని ఇవ్వవలెను. అతనిచేత చట్టం ఇప్పించవలెను.