మూడోరకం నీళ్ళు

మాది నడిగడ్డ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ మేము. నీళ్ళ సంగతి మీకేం తెలుసని ఎవరైనా అంటే మా అయిజవాళ్ళకు కోపం వస్తుంది. బావినీళ్ళు మాకు తెలుసు. నడుముకు ఎండిన సొరబుర్ర కట్టి బావిలోకి తోస్తే, మొదటిరోజు రెండు గుక్కలు మింగి, వారం తిరక్కుండా బుర్ర విప్పేసి ఈదే పిల్లలు మావాళ్ళు. పారే నీళ్ళూ తెలుసు. రాజోలిబండ కాలువకు నీళ్ళు వదిలినప్పుడు ఏ మలుపు దగ్గర దిగవచ్చునో, ఏ తూము దగ్గర దిగరాదో చెప్పడానికి మాకు బోర్డులు అక్కర్లేదు. ఇక ఏటి ఒడ్డు పల్లెలవాళ్ళ మాట చెప్పనే అక్కర్లేదు. గుండ్రటి పుట్టిలో కూర్చుని, సుడి తప్పించుకుని, ఆవలి గట్టున దిగి చొక్కా దులుపుకుని పోతారు.

అయితే లోకంలో మూడోరకం నీళ్ళున్నాయి. అవి బావినీళ్ళలా నిలవవు, కాలువనీళ్ళలా ఒకేవైపు పారవు. లేస్తాయి, పడతాయి, ముందుకు వస్తాయి, వెనక్కి పోతాయి. అదే సముద్రం. అయిజనుంచి నేరుగా తూర్పుకు గీత గీస్తే బాపట్ల తీరం సుమారు మూడు వందల కిలోమీటర్లు. పడమటి సముద్రం ఇంకా దూరం, నాలుగు వందలకు దగ్గర. అందుచేత మాకు సముద్రం అంటే ఒక యాత్ర. పెద్దవాళ్ళు రామేశ్వరం వెళ్ళినప్పుడు చూసేవారు. ఇప్పటి పిల్లలు కాలేజీ ఎక్స్‌కర్షన్‌లో చూస్తున్నారు.

ఆ నీళ్ళమీద పలక వేసుకుని నిలబడి సవారీ చేసే విద్య ఒకటుంది. దానినే సర్ఫింగ్ అంటారు. ఈ వారం దాన్ని గురించి రాయడానికి కారణం మా అక్క. ఆవిడ కొడుక్కి విశాఖలో ఇంజనీరింగు సీటు వచ్చింది. వెళ్ళిన మూడో నెలలోనే, రుషికొండ దగ్గర సర్ఫింగు నేర్పుతున్నారు, నేనూ నేర్చుకుంటానని ఫోను చేశాడట. అక్క సాయంకాలం మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"నువ్వు పత్రికల్ల రాస్తవు గద తమ్ముడూ, వానికి నువ్వన్న సెప్పు. పలకమీద నిలబడి సముద్రంల పోతడంట. సదువుకోను పంపితిమా, సర్కసుకు పంపితిమా?"

"వారం గడువియ్యి అక్కా, తెలుసుకుని చెప్తా" అన్నాను. తెలుసుకున్నది ఆవిడతోపాటు మీకూ చెబుతున్నాను.

ముందు సర్కసు సంగతి. ఇది సర్కసు కాదు, చాలా పాత విద్య. కెప్టెన్ కుక్ ఓడలు 1778లో హవాయి దీవులు చేరాయి. మరుసటి ఏడు ఆయన అక్కడే హతుడయ్యాడు. ఆయన దగ్గర లెఫ్టినెంటుగా ఉన్న జేమ్స్ కింగ్, పలకలమీద కెరటాలెక్కి ఒడ్డుకు దూసుకువస్తున్న దీవివాసులను చూసి నివ్వెరపోయి ఆ సంగతంతా రాసిపెట్టాడు. అక్కడ దొరలూ ఎక్కేవారు, సామాన్యులూ ఎక్కేవారు. ఆడవాళ్ళకూ అడ్డులేదు. ఈ విద్య ఒలింపిక్స్‌లోకి మటుకు ఆలస్యంగా వచ్చింది. 2021లో టోక్యో ఒలింపిక్స్ జరిగినప్పుడు మొట్టమొదటిసారి పోటీ పెట్టారు. ఆడవాళ్ళ పోటీలో బంగారు పతకం గెలిచిన కరిస్సా మూర్ హొనొలులూ అమ్మాయే!

అంత దూరం పోవడమెందుకు? మన తీరంలో జాలరులూ వాడబలిజలూ దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పలమీద, తెడ్డు చేతపట్టి, కెరటం వీపునెక్కి ఒడ్డుకు రావడం తరతరాలుగా ఉన్నదే. మద్రాసుకు రేవు కట్టకముందు ఓడదిగిన దొరలూ దొరసానులూ మాసులా పడవల్లో కెరటాలు దాటి ఒడ్డుకు చేరేవారు. ఆ పడవకు మేకు అనేది ఉండదు. చెక్కలను కొబ్బరితాటితో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు మేకుల పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగుతుంది. ఇప్పుడు చాలాచోట్ల మోటారు బిగించిన ఫైబరు పడవలు వచ్చేశాయి. కాని ఆ నేర్పు పోలేదు. మద్రాసుకు దక్షిణాన కోవళంలో మూర్తి మేఘవన్ అనే ఆయన బెస్తకుటుంబంలో పుట్టి, సర్ఫింగు నేర్చి, తన ఊరి పిల్లలకు నేర్పుతూ బడే పెట్టారు. హవాయివాడు సరదాకు ఎక్కిన కెరటాన్ని మనవాడు బువ్వకోసం ఎక్కాడు. తేడా అంతే.

ఇక కెరటం సంగతి. గాలికి జొన్నచేను ఊగడం చూశారు కదా? ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా ఏదో పరుగెత్తినట్టు ఉంటుంది. కాని ఒక్క జొన్నకర్రయినా చోటు విడిచి పోదు. నడిసముద్రంలో అలకూడా అంతే. నీళ్ళు ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. ముందుకు సాగేది ఆ ఊపు. మన విశాఖ తీరాన విరిగే పెద్ద అలల్లో కొన్ని ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో, మంచుఖండానికి దగ్గరగా, తుపాను గాలులకు పుట్టినవి. రోజుకు వెయ్యి కిలోమీటర్ల చొప్పున వారం రోజులు నడిచి మన గట్టుకు వస్తాయి. ఇక్కడ గాలి లేదు, మబ్బు లేదు, కెరటాలు మాత్రం ఎత్తుగా ఉన్నాయేమిటని ఆశ్చర్యపడితే, జవాబు ఏడు వేల కిలోమీటర్ల అవతల ఉంటుందన్నమాట.

ఒడ్డు దగ్గరపడ్డప్పుడు అల కాళ్ళకు నేల తగులుతుంది. అడుగు భాగం మందగిస్తుంది, తల ముందుకు తూలుతుంది, విరుగుతుంది. మీటరు ఎత్తు కెరటం సుమారు మీటరుంబావు లోతులో విరుగుతుంది. మీటరుంబావు అంటే మన రొమ్ములోతు! మనవాళ్ళు చేతులు పట్టుకుని వరుసగా నిలబడి ఫొటో తీయించుకునే చోటు సరిగ్గా అదే. పలక ఎక్కేవాడు అంతకు కొంచెం అవతలే, అల ఏటవాలుగా లేస్తున్నప్పుడే దాన్ని అందుకుని, ఆ వాలుమీద జారుతూ వస్తాడు. జారుడుబల్లకూ దీనికీ సూత్రం ఒక్కటే. కాకపోతే ఈ జారుడుబల్ల తానుకూడా పరుగెడుతూ ఉంటుంది.

వాల్తేరు సముద్రం గురించి ఇంకో మంచి సంగతి దొరికింది. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, మన విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని పరిశీలించాడు. ఎండాకాలం మొదట్లో తీరంవెంట నైరుతి గాలి వీస్తే, భూభ్రమణం పుణ్యమా అని పైనీళ్ళు ఒడ్డునుంచి దూరంగా జరుగుతాయి. ఆ ఖాళీలోకి అడుగున ఉన్న చల్లనినీళ్ళు పైకి వస్తాయి. నెత్తిన ఎండ మాడుతూ ఉండగా పాదాలకు నీళ్ళు చల్లగా తగలడంలో ఉన్న రహస్యం ఇదీ. ఆయన బృందమే ఇసుకనూ కొలిచింది. కొన్ని నెలలు సముద్రం తీరాన్ని కోసుకుపోతుంది, కొన్ని నెలలు ఇసుకను మళ్ళీ తెచ్చిపోస్తుంది. కాబట్టి నిరుడు మనం చూసిన సముద్రపు అడుగు ఈ ఏడు ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు దీనితో పని ఉంది.

మన చల్లదనానికేం గాని, చలిదేశాల సంగతి వినండి. నార్వేలో ధ్రువవృత్తానికి ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లో ఉన్‌స్టాడ్ అని చిన్న ఊరుంది. చుట్టూ మంచుకొండలు. అక్కడకూడా కెరటాలెక్కుతారు! చలి తాళలేక చస్తారు కదా అంటే, దానికో ఉపాయం ఉంది. 1950ల మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నర్, బుడగల రబ్బరుతో ఒంటికి అంటుకుపోయే దుస్తు ఆలోచించాడు. దాని పేరు వెట్‌సూట్. రబ్బరులో చిక్కుకున్న గాలి బుడగలు ఒంటి వేడిని బయటికి పోనివ్వవు. లోపలికి ఇంకిన కాసిని నీళ్ళు ఒంటివేడికే వెచ్చబడతాయి. నీళ్ళు తగలకుండా చేయడంకాదు, తగిలిన నీళ్ళను కదలకుండా చేయడం కిటుకు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జాక్ ఓనీల్ అనే ఆయన 1952లో దుకాణం తెరిచి, ఈ దుస్తులను కెరటాలెక్కేవాళ్ళకు అలవాటు చేశాడు. విశాఖలో మా మేనల్లుడికి ఆ ఖర్చు తప్పింది.

ఇంతవరకూ విని అక్క ఒకటే అడిగింది: "ఇదంత బాగుంది. మనిషి మునిగేది ఎట్ల?"

అసలు ప్రశ్న అదే. సముద్రతీరాన మునిగిపోయినవాళ్ళ వార్త పేపర్లో వచ్చినప్పుడల్లా నేను ఊళ్ళపేర్లు చూస్తాను. చాలాసార్లు అవి సముద్రం లేని ఊళ్ళు. పండగ సెలవులకు నలుగురు కుర్రాళ్ళు కలిసి వెళ్తారు. అందరికీ బావిలో ఈత వచ్చు. ముగ్గురు తిరిగి వస్తారు.

కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీళ్ళు వెనక్కి పోవాలి కదా? మడి నిండితే నీళ్ళు ఏం చేస్తాయి? గట్టు ఎక్కడ తెగిందో అక్కడ పడి పోతాయి. సముద్రంలోనూ అంతే. నీళ్ళకింద ఒడ్డుకు సమంగా ఇసుక గట్లుంటాయి. ఆ గట్టు తెగిన చోటనుంచి నీళ్ళన్నీ పాయగా సముద్రంలోకి పరుగెత్తుతాయి. దీన్ని రిప్ కరెంట్ అంటారు. మనం లాగుడుపాయ అనుకుందాం. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. గట్టిపాయ సెకనుకు రెండు మీటర్ల వేగం అందుకుంటుంది. ఎంత గజ ఈతగాడైనా దానికి ఎదురీది గెలవలేడు. ఎదురీది, అలిసిపోయి మునుగుతాడు.

ఇందులో దారుణమేమిటంటే, ఆ పాయ ఉన్నచోట నీళ్ళు లోతు. లోతు గనుక కెరటం అక్కడ అంతగా విరగదు. రెండుపక్కలా తెల్లటి నురగ, నడుమ నిశ్శబ్దంగా, నున్నగా ఓ సందు. కొత్తవాడు చూసి ఇక్కడ కెరటాలు లేవు, పిల్లలను ఇక్కడ దింపుదామంటాడు. బావి నేర్పిన పాఠం అది, కదలని నీళ్ళు మంచివని. మూడోరకం నీళ్ళకు ఆ పాఠం పనికిరాదు. నిరుడు దిగిన చోటే గదా అనడానికీ లేదు, ఇసుక అడుగు మారిపోతుందని చెప్పాను.

నాకు దొరికిన ముఖ్యమైన సంగతి ఇదే. కెరటాలెక్కే విద్యలో మొదటిపాఠం పలకమీద నిలబడడం కాదు. గట్టున కూర్చుని నీళ్ళు చదవడం. నురగ ఎటు పోతోంది, అలలు ఎన్ని వరసగా వస్తున్నాయి, తెరపి ఎప్పుడు, సందు ఎక్కడ? మన జాలరి తెప్ప తోసేముందు చేసిందీ ఇదే. ఆరితేరినవాడు ఆ లాగుడుపాయమీదనే సునాయాసంగా లోపలికి పోయి, పక్కకు తప్పుకుని, కెరటంమీద తిరిగివస్తాడు. మనల్ని మింగే పాయ వాడికి దారి! పైగా పలక తేలుతుంది. దాని తాడు కాలికి కట్టి ఉంటుంది.

ఆ పలక ప్రాణాలు కాచిందికూడా. 1912 ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచిన హవాయి వీరుడు డ్యూక్ కహనమోకు పేరు వినే ఉంటారు. 1925లో కాలిఫోర్నియాలో న్యూపోర్ట్ దగ్గర ఆయన తీరాన ఉండగా పెద్ద కెరటాలకు చేపలవేట పడవ ఒకటి తలకిందులైంది. ఈయన పలక వేసుకుని మళ్ళీ మళ్ళీ లోపలికి పోయి, ఒక్కడే ఎనిమిదిమందిని ఒడ్డుకు చేర్చాడు.

ఇంకో విశేషం చెప్పి ముగిస్తాను. దేశపు తీరానికంతటికీ రేపు కెరటం ఎంత ఎత్తున వస్తుందో లెక్కకట్టి చెప్పే కార్యాలయం ఎక్కడుందో తెలుసా? హైదరాబాదులో! 1999లో నెలకొన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం అది. 2004 సునామీ తరువాత, 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కడినుంచే వెళుతున్నాయి. సముద్రం లేనివాళ్ళకు సముద్రం చదవడం రాదనడానికి వీల్లేదు.

అక్కతో ఇలా అన్నాను: "వాణ్ణి నేర్చుకోనీ అక్కా. సెప్పేవాడు పక్కనుండాల, తాడు కాలికుండాల, ఒక్కడే పోకూడదు. అది నేర్చినోడు మునగడు. ఏమీ నేర్వక మోకాలిలోతులో ఆడేటోళ్ళ గురించి భయపడు." ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు. "మొక్కు ఐతే మొక్కుకుంట" అని వెళ్ళింది.

మీ ఇంట్లోనూ సెలవులకు సముద్రం చూడబోయేవాళ్ళుంటారు. వాళ్ళకు ఈ నాలుగు ముక్కలు చెప్పండి. దిగేముందు పది నిమిషాలు గట్టున నిలబడి చూడాలి. నురగల మధ్య నిశ్శబ్దంగా ఉన్న సందులో దిగరాదు. ఆ ఊరి జాలరి వద్దంటే వాదించరాదు. ఒకవేళ పాయ లాగితే, ఒడ్డుకేసి ఎదురీదవద్దు. వెల్లకిలా తేలి, చెయ్యెత్తి పిలిచి, సత్తువుంటే ఒడ్డుకు సమంగా పక్కకు ఈదాలి. పాయ వెడల్పు సాధారణంగా తక్కువ. అది దాటితే, కెరటాలే తెచ్చి ఒడ్డున పడేస్తాయి.