యూటా తల్లులు – వారి ఉద్యోగములు

అమెరికాలోని యూటా రాష్ట్రము ప్రధానస్థానముగా గల మార్మను సంఘములో స్త్రీకి మాతృత్వమే ముఖ్యధర్మమని బోధింతురు. ఆ బోధతో తగవులాడుట మా యుద్దేశము కాదు. ఆ ధర్మమును నెరవేర్చుచునే వైద్యమో న్యాయవాదమో చేయగోరు తల్లి భారమంతయు నొంటిగా మోయవలెనా యనునదియే మా ప్రశ్న.

పూర్వము వా రట్లు మోయలేదు. 1875లో ఎల్లిస్ షిప్ అను నామె ముగ్గురు కుమారులను ఇంటివద్ద విడిచి ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలకు పోయెను. (మన దేశపు ఆనందీబాయి జోషి 1886లో పట్టము పుచ్చుకొన్నదియు నచ్చటనే.) చదువు నడుమ మరియొక శిశువు కలిగినను, ఆమె 1878లో వైద్యపట్టము నంది, మరుసటి యేట సాల్టులేకు నగరమున మంత్రసానులకు పాఠశాల పెట్టెను. ఇంటివద్ద బిడ్డలను సాకిన వారెవరు? ఆమె సవతులు. బహుభార్యాత్వమును మేము మెచ్చువారము కాము. ఆ సంఘమే 1890లో దానిని విడువబూనెను. అయినను ఆ వైద్యురాలి వెనుక పెక్కుచేతులు పనిచేసెననుట సత్యము.

1896లో మార్తా హ్యూస్ కానన్ అను వైద్యురాలు యూటా సెనేటుకు ఎన్నికయ్యెను. ఓడిన యభ్యర్థులలో ఆమె భర్తయు నొకడు!

తరువాతి కాలమున గాలి మారినది. 1987లో సంఘాధ్యక్షుడు ఎజ్రా టాఫ్ట్ బెన్సన్ తల్లులు ఉద్యోగములు మాని యింటికి రావలెనని ప్రసంగించెను. ఆ మాట విని కొలువులు విడిచినవారు కలరు. 2022లో సంఘపు స్త్రీసమాజమగు రిలీఫ్ సొసైటీకి అధ్యక్షురాలైన కమిల్ జాన్సన్ గారో, ముగ్గురు కుమారులను పెంచుచునే న్యాయవాదిగా పనిచేసినవారు. యువతులకు ఇది ధైర్యము. నాడు కొలువు విడిచిన తల్లుల మనస్సు కలుక్కుమనిన, దానిని అవిధేయతగా నెంచరాదు. విధేయులే గదా యట్లు నష్టపడినవారు!

1995 నాటి సంఘప్రకటనలో శిశుపోషణము ముఖ్యముగా తల్లిదనియు, ఇరువురును సమాన భాగస్వాములై తోడ్పడుకొనవలెననియు నున్నది. ఈ రెండవ మాటను పురుషులు తరచుగా చదువవలెనని మా మనవి. ఆ సంఘమున స్థానిక బోధకులకు జీతములు లేవు; సభ్యులే సమస్తము చేయుదురు. భర్త బిషపుగా సాయంకాలములు మందిరమున నుండగా, కొలువునుండి వచ్చిన భార్య వంట చేసి, పిల్లల చదువు చూచి, ఆదివారము తాను బోధింపవలసిన పాఠమును సిద్ధపరచుకొనవలెను. కావున భర్తకుగాని భార్యకుగాని పని యొప్పగించుటకు ముందు పెద్దలు ఆమె కొలువువేళలు అడిగి తెలిసికొనవలెను.